మూత మీద ఎర్ర అక్షరాలు

ఎనభైల మొదట్లో గుంటూరు నుంచి వచ్చి, మలక్‌పేటలో ఉంటూ నీళ్ల పంపులు బాగుచేసేవాణ్ణి. మొఘల్‌పురాలో ఒక సేఠ్ తన ఇంటి ఈతకొలనుకు దుబాయ్ నుంచి క్లోరిన్ యంత్రం తెప్పించారు. అందులో బిళ్లలు వేస్తే వాటంతటవే కొద్దికొద్దిగా నీళ్లలో కలుస్తాయి. బిళ్లలు అయిపోయినప్పుడల్లా తోటమాలి రాములు బ్లీచింగ్ పౌడర్ పోసి గొట్టం పూడ్చేవాడు. కడగలేక చచ్చేవాణ్ణి. సేఠ్‌కి ఎన్నిసార్లు చెప్పినా "చెప్త భాయ్" అనేవారు. విసిగిపోయి, 'బిళ్లలే వెయ్యాలి, పౌడర్ కలిస్తే పేలుతుంది' అని మూత మీద ఎర్ర రంగుతో రాసి వచ్చాను.

వారం తిరక్కుండానే గొట్టం పూడిందని మళ్లీ కబురు. నేను గేటు దాటుతుండగానే, మిగిలిన బిళ్లల మీద రాములు పౌడర్ పోసి మూత పెట్టాడు. ఢామ్మని మూత ఎగిరింది. ఘాటు పొగలో ముసలి రాములు దగ్గుతూ కూలబడ్డాడు. బయటికి లాగి, అతని ఊపిరి కుదుటపడ్డాక అరిచాను.

"ఏమయ్యా, ఇంత పెద్దగా రాశాను కదా, చదవలేదా?"

"మా దినాలల్ల బడిల అంత ఉర్దూనే బిడ్డా. తెలుగు మాట్లాడుడే గని సదువరాదు. మెకానిక్‌వు గద, నీ పేరు రాసుకున్నవనుకున్న."

మర్నాడు నయాపూల్ దగ్గర ఒక పెయింటరుతో ఆ హెచ్చరికే రేకు మీద ఉర్దూలో రాయించి తెచ్చాను. రాములు గడగడా చదివాడు. తప్పులున్నాయేమోనని రేకు చేతిలోకి తీసుకున్నాను. ఒక్క అక్షరం తెలియలేదు. ఆ ఇంట్లో చదువురానివాణ్ణి నేనే.