బతికుండగా వేసిన పోస్టర్

చేవెళ్ల బస్టాండు పక్కన నాది ఫ్లెక్సీలు, పోస్టర్లు చేసే దుకాణం. పుట్టినరోజు, గృహప్రవేశం, శ్రద్ధాంజలి అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. ఆ ఏడాది చివరి రకమే ఎక్కువైంది. మా చుట్టుపక్కల పేరున్న కబడ్డీ ఆటగాళ్లు ఇద్దరు పోయారు. ఒకడు కూత పెడుతూనే కోర్టులో కూలిపోయాడు. ఇంకొకడిని మొయినాబాద్ దగ్గర లారీ కొట్టింది. ఇద్దరికీ ముప్పై నిండలేదు. ఇద్దరి పోస్టర్లూ నేనే చేశాను.

మూడోవాడు టీవీలో ఆడినవాడు, షాబాద్ వైపు పల్లె. అతను కూతకు వెళ్తే మా హోటళ్లలో టీలు చల్లారిపోయేవి. ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చి, నవ్వలేక నవ్వుతూ కూర్చున్నాడు.

"అన్నా, ప్రాక్టీస్ చేస్తుంటె కాకి తలమీద తన్నింది. మా అమ్మ రెండు దినాల సంది అన్నం ముడ్తలేదు. నేను సచ్చిపోయినట్టు ఒక పోస్టర్ చెయ్యి."

కాకి తల మీద తన్నితే చావు దగ్గరికొచ్చినట్టని, పోయాడని అబద్ధపు కబురు పంపి నలుగురినీ ఏడిపిస్తే గండం తప్పుతుందని మా వైపు నమ్మకం. వెనకట ఉత్తరం రాసేవారు. ఇతనికి అభిమానులున్నారు కాబట్టి పోస్టర్. నేను చర్చికి పోయే మనిషిని, ఇలాంటివి వింటే ఒళ్లు మండుతుంది. "పిచ్చి లేసిందా?" అని కసిరాను కూడా. కానీ ఆ ఇద్దరి ఫోటోలు ఇంకా నా కంప్యూటర్లోనే ఉన్నాయి. నాకూ భయమేసింది.

తన ఫోటో తనే ఎంచుకున్నాడు. పూలదండ కొంచెం పైకి జరపమన్నాడు. దీపాలు రెండు పెట్టమన్నాడు. మరణం తేదీ దగ్గర నేను ఆగాను.

"ఇయ్యాల్టిదే ఎయ్యన్నా."

పక్కన కూర్చున్న మనిషి చావు తేదీ టైపు చేశాను.

పోస్టర్ వాట్సాప్ గ్రూపుల్లో పడిన పావుగంటకే ఫోన్లు మొదలయ్యాయి. పోస్టర్ కింద ఉన్నది నా దుకాణం నంబరే మరి. స్పీకర్ పెట్టమన్నాడు. కోచ్ ఏడ్చాడు. ఒకప్పుడు ఇతని కాలు విరగ్గొట్టిన డిఫెండర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇతను మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. కాసేపటికి ఆ నవ్వు పోయింది.

"జర ఇంకొక్కటి విననియ్యన్నా," అన్నాడు.

నిజంగా పోయినవాడే వచ్చి నా కుర్చీలో కూర్చుని వింటున్నట్టు అనిపించింది. ఇక ఉండబట్టలేక అందరికీ నిజం చెప్పేశాను. కొందరు తిట్టారు, కొందరు నూరేళ్లు బతకమని దీవించారు. వాళ్లమ్మ అన్నం తిన్నదట.

నెల తిరగకముందే ఎంకపల్లి మలుపులో అతని బైకు అదుపు తప్పింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

పాత ఫైలు తెరిచాను. ఫోటో, దండ, దీపాలు అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. తేదీ ఒక్కటే మార్చాను.

గ్రూపుల్లో పెట్టగానే నవ్వు బొమ్మలు వచ్చాయి. "మళ్ల తన్నిందా కాకి?" అని కోచ్ రాశాడు. ఫోన్ చేసి ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. "ఈసారి మమ్ములను ఏడిపియ్యలేవు పో," అని పెట్టేశారు. సాయంత్రానికి శవాన్ని తీయాలి. వాకిట్లో ఇరుగుపొరుగు తప్ప మనిషి లేడు. అంతటి ఆటగాడిని మోయడానికి తోటి ఆటగాడు ఒక్కడూ లేడు.

ఆ పాపం నాదే. సిగ్గు విడిచి వాళ్లమ్మ పక్కన కూర్చున్నాను.

"అవ్వా, నువ్వు చెప్తెనే నమ్ముతరు."

ఆమె కాదనలేదు. నేను నంబర్లు కలుపుతూ పోయాను. "నిజమే బిడ్డా, నా కొడుకు పోయిండు," అని ఒక్కొక్కరికీ చెప్పింది. అవతల నవ్వు టక్కున ఆగిపోవడం నాకు కూడా వినిపించేది.

ఎన్ని ఫోన్ల తరువాతో ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకెంత మందికి చెప్పాలె కొడుకా? చెప్పినప్పుడల్ల వాడు మళ్ల సస్తున్నడు."

నేను తల వంచుకుని తరువాతి నంబరు కలిపాను.