గడపకు పసుపు రాసిన మైక్రోవేవ్

మైక్రోవేవ్ తలుపు వేసినప్పుడు "టక్"మని చప్పుడు వినపడితే తప్ప నేను బటన్ నొక్కను. మొన్న మా అమ్మాయి ఇంట్లో కొత్త ఓవెన్ తలుపు మెత్తగా, చప్పుడే లేకుండా మూసుకుంది. నా వేలు గాల్లోనే ఆగిపోయింది. "ఏంటమ్మా, పాడైందా?" అని అడిగింది అమ్మాయి. పాడవలేదు, నాకు ఇందుమతి గారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. అప్పటికి చిన్నపాప కాబట్టి అమ్మాయికి ఆవిడ ముఖం కూడా గుర్తు లేదు.

ఎనభైల మొదట్లో శాంటా క్లారాలో మేమున్న అపార్ట్‌మెంట్లలోనే కింది వాటాలో ఆవిడ ఒక్కరే ఉండేవారు. కాకినాడ మనిషి. ఇంజినీరింగ్ చదివి, సర్క్యూట్ బోర్డులు చేసే ఒక కంపెనీలో టెస్టింగ్ సూపర్‌వైజర్‌గా పనిచేసేవారు. ఆదివారాలు మా ఇంటికి కాఫీకి వచ్చేవారు. కాఫీ బాగుందని ఒక్కనాడూ అనలేదు కానీ రెండో కప్పు అడిగి తాగేవారు. నేను ఫిజిక్స్‌లో డిగ్రీ చేశానని ఒకరోజు మాటల్లో తెలిసి, "మరి ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నావు?" అని నిలదీశారు. గ్రీన్‌కార్డు రాగానే తన దగ్గరే ఉద్యోగంలో పెట్టారు.

ఆ ఉద్యోగం సాయంత్రం షిఫ్టు. నేను వెళ్లే వేళకు మా ఆయన ఆఫీస్ నుంచి వచ్చి పాపను చూసుకోవాలి. పాపను చూడటానికి ఆయనకు అభ్యంతరం లేదు కానీ వంటింట్లో అడుగు పెట్టడమంటే మాత్రం కాళ్లు కదిలేవి కావు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. నేను మధ్యాహ్నమే వండి గాజుగిన్నెల్లో సర్ది వెళ్తాను, ఆయన మైక్రోవేవ్‌లో పెట్టి బటన్ నొక్కుతారు. "చూద్దాం, ఇబ్బందైతే మానేద్దువు గాని" అన్నారు. మానేసేది నేనే అని ఆయన ఎంత తేలిగ్గా అనుకున్నారో! ఆ ఓవెన్ అందుకోసమే కొన్నాం. అది పనిచేస్తేనే నా ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు.

అలాంటి ఓవెన్‌ని నేను గౌరవించకుండా ఉంటానా? శుక్రవారం పొద్దున్నే పొయ్యి కడిగి బొట్టు పెట్టడం మా ఇంటి అలవాటు. అద్దె ఇంట్లో కార్పెట్ పాడవుతుందని వీధిగుమ్మానికి పసుపు రాయనిచ్చేవారు కాదు మా ఆయన. ఓవెన్‌కి తలుపుంది, తలుపుకి చట్రముంది, కింద గడపలాంటి అంచూ ఉంది. నీళ్లలో కలిపిన పసుపు ఆ చట్రం చుట్టూ శుభ్రంగా రాసి కుంకుమ పెట్టేదాన్ని. కొన్ని వారాలు అది కూడా లక్షణంగా పనిచేసింది. ఒక శనివారం పొద్దున్న పాపకి పాలు పెడితే ఉలకదు పలకదు.

రిపేర్ షాపుకి ఫోన్ చేస్తే చాలా రోజులు పడుతుందన్నారు. మా ఆయన పేపర్ మడిచి, "సోమవారం నుంచి ఎలా మరి?" అన్నారు. ఆ "మరి"లో నా ఉద్యోగం ఊడిపోవడం కనిపించింది నాకు. స్క్రూడ్రైవర్ తీసుకుని ఓవెన్ వెనక మరలు విప్పడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే ఏదో అడగడానికి పైకి వచ్చిన ఇందుమతి గారు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేశారు.

"బుద్ధుందా నీకు?"

"ప్లగ్ తీసేశానండీ."

"ప్లగ్ తీస్తే సరిపోతుందా? లోపల కెపాసిటర్‌లో చార్జ్ ఉండిపోతుంది. మనిషిని చంపేసేంత ఉంటుంది. విప్పడం తర్వాత. ముందు ఇది ఏం చేస్తోందో, ఏం చేయట్లేదో చూశావా?"

చూడలేదు. మరలు మళ్లీ బిగించి, ప్లగ్ పెట్టి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. తలుపు తీస్తే లోపల లైటు వెలిగింది. వేస్తే ఆరలేదు. "అంటే దీనికి ఏమనిపిస్తోంది?" అని అడిగారు. కాసేపు ఆలోచించి, "తలుపు ఇంకా తెరిచే ఉందనుకుంటోంది" అన్నాను. తలుపు కొక్కెం దూరే కంతలోకి టార్చ్ వేశారు. లోపలంతా పచ్చగా ఉంది. వాసన చూసి నా వైపు తిరిగారు.

"పసుపా?"

"శుక్రవారం కదండీ..."

నవ్వుతారేమోనని సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ నవ్వలేదు. "బొట్టు పైన పెట్టుకో. ఇక్కడ మాత్రం వద్దు" అన్నారంతే.

తర్వాత ప్లగ్ తీసి అందరికీ కనపడేలా బల్ల మీద పెట్టారు. మమ్మల్ని దూరంగా నిలబెట్టి మూత విప్పారు. కెపాసిటర్ చార్జ్ తీసేసే పని నాకు అప్పగించలేదు, ఆవిడే చేశారు. కొక్కెం వెనకున్న చిన్న స్విచ్ బయటికి తీసి నా చేతిలో పెట్టి శుభ్రం చేయమన్నారు. చేశాను. ఆవిడ కింది నుంచి తెచ్చిన మీటర్‌తో చూస్తే ఒకసారి పలికింది, ఇంకోసారి పలకలేదు. పసుపు దాని లోపలికంటా పోయి గట్టిపడింది. కొత్తది తెప్పించాల్సిందే.

నా చదువు అప్పుడు మేల్కొంది. "ఈ రెండు వైర్లూ కలిపేస్తే స్విచ్‌తో పనే లేదు కదండీ? తలుపు బాగానే పడుతోంది. కొత్తది వచ్చేదాకా నడుస్తుంది" అన్నాను.

"నడుస్తుంది. తలుపు తీసున్నా నడుస్తుంది" అన్నారు. పాప ఆ తలుపు అద్దానికి ముక్కు ఆనించి తిరిగే గిన్నెను చూడటం మా ఇంట్లో రోజూ ఉన్నదే. ఆవిడ పాప వైపు ఒకసారి చూశారు. "నేను కలపను. నిన్ను కలపనివ్వను కూడా."

"సోమవారం ఉద్యోగానికి రాలేనండీ అయితే."

"రాకు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఈవిడే ఉద్యోగం ఇచ్చి, ఈవిడే తీసేస్తోంది అనుకున్నాను. ఆవిడ మూత బిగించి, ప్లగ్ వైరు చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసి, చేతులు కడుక్కున్నారు. వెళ్తూ వెళ్తూ వంటింటి గుమ్మం దగ్గర ఆగి మా ఆయనను అడిగారు.

"ప్రసాద్, ఎలక్ట్రిక్ స్టవ్ ఆన్ చేయడం వచ్చా?"

"ఎప్పుడూ చేయలేదండీ."

"ఇలా రా."

మా ఆయన వచ్చి మీట తిప్పారు. పొయ్యి చుట్ట ఎర్రబడింది. "పప్పు వేడి చేయడానికి ఇది చాలు. అడుగంటకుండా కలుపుతూ ఉండు" అని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయారు.

సోమవారం నేను ఉద్యోగానికి వెళ్లాను. పప్పు మాడింది, పాప ఆ మాడు ఇష్టంగా తిందట. కొత్త స్విచ్ వచ్చాక ఇందుమతి గారు పక్కన నిలబడి నా చేతే బిగింపించారు. అప్పటికి మా ఆయనకు చారు పెట్టడం కూడా వచ్చేసింది. నా కోపం మాత్రం అంత త్వరగా పోలేదు. రెండు ఆదివారాలు కాఫీకి పిలవలేదు. ఆవిడా రాలేదు.

ఎనభైల చివర్లో నేను వేరే కంపెనీలో టెస్టింగ్ చూస్తున్నాను. మా ఆయనకు లేఆఫ్ అయింది, ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. అప్పుడే మా మేనేజర్ ఒక సరుకు వెంటనే పంపాలని, వేడికి తట్టుకుంటుందో లేదో చూసే పరీక్షను ఈ ఒక్కసారికి వదిలేసి సంతకం పెట్టమన్నాడు. పెట్టనన్నాను. కొద్దిరోజులకే ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చి మొదట ఇందుమతి గారికి ఫోన్ చేశాను. అప్పటికి ఆవిడ న్యూజెర్సీ వెళ్లిపోయారు. జరిగినదంతా విన్నారు.

"భయం వేసిందా?"

"చాలా వేసిందండీ. మీలాగా ధైర్యంగా చెప్పలేకపోయాను."

"ఆ రోజు మీ వంటింట్లో నాకు మాత్రం భయం వేయలేదనుకున్నావా? ఆ ఊళ్లో నేను తలుపు తట్టి లోపలికి వెళ్లే ఇల్లు మీదొక్కటే. అదీ పోయిందనుకునే మెట్లు దిగాను."

నాకు ఏడుపొచ్చింది. కాదనగలిగేవాళ్లకు భయం ఉండదని అప్పటిదాకా అనుకునేదాన్ని. తర్వాత వేరే ఉద్యోగం వచ్చింది, పాప పెద్దదైంది, నేను రిటైరయ్యాను. ఇప్పటికీ ఎవరికైనా కాదని చెప్పాల్సి వస్తే గుండె దడదడలాడుతుంది. అది తగ్గాక చెబుదామని ఆగను. దడతోనే చెప్పేస్తాను.