తలుపు చెక్క మీద స్టేషను

ఆ రోజుల్లో మెదక్‌కు రైలు లేదు. రైలు కావాలని టెంట్లు వేశారు, నినాదాలిచ్చారు, ప్రతి ఎన్నికలకూ ఒక మాట పుచ్చుకున్నారు. మాటలొచ్చాయి గానీ రైలు రాలేదు. రెండువేల పదకొండులో, సకల జనుల సమ్మె నడుస్తున్నప్పుడు, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క స్టేషను గిడియోను ఇంటి ముందుగదిలో, పాత తలుపు చెక్క మీద ఉండేది.

గొడుగు ఊచలే పట్టాలు. సైకిల్ పుల్ల లాగితే పాయింటు కదిలి, బండి ఒక లైను నుంచి ఇంకో లైనులోకి మళ్లేది. అగ్గిపెట్టెంత వ్యాగన్లకు దారపు కండెల నుంచి కోసిన చక్రాలు. ఇంజనుకు మోటారు లేదు, వేలితో తోయాల్సిందే. ఊరంతా తెలంగాణ కోసం రోడ్డెక్కితే ఈ ముసలాయన బొమ్మరైలు ఆడుకుంటున్నాడని నవ్వారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట అన్నారు. వాళ్లకేం తెలుసు? అది ఆయన ఆడుకోవడానికి చేసింది కాదు, సాక్ష్యం చెప్పించడానికి చేసింది.

గిడియోను ఒకప్పుడు మీటర్ గేజీ లైను మీద ఒక చిన్న స్టేషన్లో షంటింగ్ పని చేసేవాడు. జెండా ఊపి ఇంజనును ముందుకో వెనక్కో పిలిచి, ఏ వ్యాగను ఏ లైనులో ఉండాలో అక్కడ పెట్టించడం ఆయన పని. వ్యాగన్ల నడుమ దూరి కొక్కెం వేసేది గాలయ్య. ఇద్దరిదీ మెదకే. ఒకే బస్సులో డ్యూటీకి పోయి, ఒకే సద్ది విప్పుకుని తిన్నవాళ్లు.

ఒక సాయంత్రం గాలయ్య కొక్కెం వేస్తుంటే వెనక నుంచి వ్యాగను కదిలి మీదికొచ్చింది. అక్కడికక్కడే పోయాడు. గిడియోను తొందరపడి పచ్చజెండా ఊపాడన్నారు. ఊపలేదని ఆయన మొత్తుకున్నాడు. ఎవరు వినాలి? ఉద్యోగం పోయింది. కొన్నాళ్లకు మీటర్ గేజీ పట్టాలు పెకిలించి పెద్ద లైను వేశారు. ఆ పక్క లైన్లు, ఆ గోదాము ఏవీ మిగల్లేదు. నేను ఇదిగో ఇక్కడ నిలబడ్డాను అని చూపించుకోవడానికి జాగా కూడా లేకుండా పోయింది. దేశం ముందుకు పోతోందని పేపర్లన్నీ రాశాయి. పోయింది నిజమే, గిడియోను పరువును కంకర కింద పూడ్చిపెట్టి మరీ పోయింది.

తర్వాత తలుపులు, బెంచీలు చేసుకుని బతికాడు. ఆయన్ని నమ్మింది భార్య ఎలిశిబా ఒక్కతే. చర్చి మెట్ల మీదైనా, నల్లా దగ్గరైనా, ఎవరు నోరు జారినా కొంగు నడుముకు చుట్టేది. "నా మొగడు జెండ ఊపలే. కాదనేటోళ్లు రాండ్రి ముందుకు!" అనేది. ఎవరూ వచ్చేవారు కాదు.

గాలయ్య భార్య యాదవ్వ మాత్రం ఏటా వచ్చేది. పెద్దల అమావాస్య పెత్రమాస నాడు పెనిమిటి పేరు మీద బియ్యం, కూరగాయలు అయ్యగారికిచ్చి, తిరిగిపోతూ గిడియోను గడప ముందు ఆగేది. దోసెడు మన్ను ఎత్తి గుమ్మంలో పోసి, ఒక్క మాట లేకుండా వెళ్లిపోయేది. నీ ఇల్లు మట్టిగొట్టుకుపోను అని దానర్థం. ఊరు ఏమన్నా ఓర్చుకునేవాడు గానీ ఆ మన్ను ఓర్చుకోలేకపోయేవాడు గిడియోను. లోకం నమ్మకపోతే మానె, యాదవ్వ ఒక్కతె నమ్మితే చాలనుకున్నాడు. ఆ స్టేషను కట్టింది అందుకే.

ఆ ఏడు పెత్రమాస సమ్మెలోనే వచ్చింది. ఎలిశిబా చర్చిలో స్త్రీల కూడికకు పోయింది. యాదవ్వ మన్ను కోసం వంగగానే గిడియోను ఎదురెళ్లాడు.

"వదినె, మన్ను తర్వాత పొయ్యి. జర లోపలికొచ్చి ఒక్కటి సూడు. అన్న పోయిన జాగ."

ఆ చివరి మాటకే ఆమె లోపలికొచ్చింది. గిడియోను ఒక వ్యాగన్ను పక్క లైనులో పెట్టి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. వ్యాగను క్షణం ఆగి, మెల్లగా కదిలి, జారుకుంటూ పోయి ముందున్న వ్యాగనుకు టక్కున తగిలింది.

"సూసినవా? ఆ లైను గోదాము దిక్కు వాలుగుంటది. ఇంజను కదల్లే, నేను జెండ ఊపలే. వ్యాగను దానంతటదే జారింది, వదినె!"

యాదవ్వ తన చేత్తో ఇంకోసారి పెట్టి చూసింది. మళ్లీ జారింది.

"మరి జారకుంట ఏం పెట్టరా?"

"చక్రం కింద రాయి పెడ్తరు. పెడితె ఎటూ పోదు," అంటూ ఉత్సాహంగా ఒక గులకరాయి పెట్టి చూపించాడు.

"ఆ రాయి ఎవలు పెట్టాలె?"

తన చేతులు కడుక్కునే ఆత్రంలో గిడియోను ఆ మురికి నీళ్లు ఎవరి మీద పడతాయో చూసుకోలేదు. రాయి పెట్టాల్సింది కొక్కెం వేసేవాడే.

"అంటే నా మొగడు సోయి లేక సచ్చిండు. గిదేనా నువ్వు జెప్పేది?" యాదవ్వ అరవలేదు. "పరశురాం నా కడుపుల ఉండంగ పోయిండు. మీ నాయిన పనిల నిప్పు, ఒకని తప్పుకు బలైండు అని చెప్పుకుంట పెంచిన. ఇప్పుడు వానికేం జెప్పాలె? రాయి పెట్టుడు మర్శి సచ్చిండనాల్నా?"

గిడియోను వేలితో ఇంజన్ను రాయి పెట్టిన వ్యాగను మీదికి గట్టిగా తోశాడు. అది గుద్దగానే వ్యాగను రాయి మీదుగా ఎక్కి అవతలికి దూకింది.

"లేదు, వదినె. అన్న రాయి పెట్టిండు. జెండ నేనే ఊపిన. తొందరపడ్డ."

నిజం ఎంత సాఫీగా నడిచిందో అబద్ధమూ ఆ పట్టాల మీద అంతే సాఫీగా నడిచింది. యాదవ్వకు అనుమానం వచ్చిందో లేదో దేవుడికెరుక. కావాల్సిన మాట దొరికాక దాన్ని గీకి చూసేవాళ్లు తక్కువ. ఆమె వీధిలోకి ఉరికింది. "ఒప్పుకుండు! ఇన్నేండ్లకు ఒప్పుకుండు!" బస్సుల్లేవు, బడుల్లేవు, సమ్మె పుణ్యమా అని జనమంతా ఇళ్ల దగ్గరే ఉన్నారు. కూడిక ముగిసేలోపే కబురు చర్చికి చేరింది.

ఎలిశిబా రొప్పుతూ వచ్చింది.

"యాదవ్వ ఏందో ఒర్రుతుంది. అబద్ధమని ఒక్క మాట చెప్పయ్యా, పోయి దాని నోరు మూపిస్త."

ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఎలిశిబా ఆగదు. ఆమె కడుపులో మాట దాగదు. మరెందుకు ఒప్పుకున్నాడో రాబట్టి, పోయి పరశురాం ముందే, నలుగురిలో, రాయి సంగతి కడిగేస్తుంది. గిడియోను తల వంచుకున్నాడు.

ఎలిశిబా నడుముకు చుట్టిన కొంగు విప్పింది.

"అంటే గాలయ్యన్నను సంపి, ఇరవై ఏండ్లు నన్ను లోకంతోని కొట్లాడిపిచ్చినవా?"

"అవ్," అన్నాడు గిడియోను.