మా నాయన కారు వెనక్కి పోదు

పోయిన వారం కృష్ణగిరిలో, ఒక సందులో, పట్టుచీరలు కట్టుకున్న ఆడోళ్ళంతా చేరి ఒక పాత తెల్ల కారును వెనక్కి తోసినారని మీకు ఎవురన్నా చెప్పినారా? వీడియో కూడా తిరుగుతా ఉండాదంట. దాంట్లో స్టీరింగు పట్టుకోని తల పైకెత్తకుండా కూర్చోనుండేది నేనే. టీ తాగతా వినండి, చెప్తాను.

కారు మా నాయనది. మా ఊరు మత్తిగిరిలో ఆయనకు మోటారు పంపుల అంగడి. ఉద్దనపల్లి దాకా ఏ రైతు బోరు వేసినా పంపు ఆ కారు డిక్కీలోనే పోయేది. నేను పుట్టకముందే కొన్నాడు దాన్ని. అందుకే నాతో, "ఇంట్లో పెద్దపాప అది, నువ్వు చిన్నపాప" అనేవాడు. పొద్దున్నే దానికి స్నానం చేయించినాకనే ఆయనకు కాఫీ. అట్లని మమ్మల్ని తక్కువ చూసినోడు కాదప్పా. స్కూల్లో నాకు జరమొచ్చిందని ఫోనొస్తే బేరం నడిమధ్యలో వదిలేసి కారేసుకోని వచ్చేసేవాడు. కెలమంగలం సంతలో కూరగాయలు బాగుంటాయని అమ్మ ఊరికే అన్నా చాలు, మధ్యాహ్నానికి అంగడి మూసి అందరినీ ఎక్కించుకోని పోయేవాడు.

రాను రాను ఆయనకు ఒక పట్టు వచ్చింది. కారు రివర్స్ తీయడు. ఎవురింటికి పోయినా మెయిన్ రోడ్డులో నిలిపేసి నడుస్తాడు. మా ఇంటి షెడ్డుకు కూడా వీధివైపు ఒక గేటు, వెనకవైపు ఒక గేటు పెట్టించినాడు. ఇట్లా వచ్చి అట్లా పోవాల్సిందే. "ఎందుకు నాయనా?" అంటే, "నేను వెనక్కి పోయే మనిషిని కాదు పాపా" అనేవాడు.

పోయినేడాది ఆయన పోయినప్పుడు, పదకొండో దినం నేనే మైకు పట్టుకోని చెప్పినాను. "మా నాయన వ్యాపారంలో వెనకడుగు వేయలేదు. ఆయన కారు కూడా వేయలేదు." అందరూ కండ్లు తుడుచుకున్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోని వణికిపోయింది. పాపం, తట్టుకోలేక ఏడుస్తా ఉండాదనుకున్నాను.

ఇప్పుడు మా అన్న రమేశుకు ఒక ఆలోచన వచ్చింది. బెంగళూరులో పాత కార్లు కొనేవాడొకడు అడుగుతా ఉండాడంట. "ఇచ్చేద్దాం, ఈడ ఊరికే తుప్పు పడతా ఉండాది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాయన పోయినాక వారానికొకసారి దాన్ని బయటికి తీసి ఊరి చుట్టూ ఒక రౌండు వేసుకోని వచ్చేది నేను. తుప్పెట్లా పడుతుంది?

"సరే, కృష్ణగిరిలో చిన్నాయన మనవరాలికి చెవులు కుట్టే ఫంక్షన్ ఉండాది కదా. అమ్మను దాంట్లోనే పిల్చుకోనిపో, పిల్చుకోనిరా. దారిలో యాడన్నా ఇబ్బంది పెట్టిందంటే అమ్మేస్తాం" అన్నాడు. నేనూ సరేనన్నాను. అమ్మ మాత్రం, "నువ్వు తోలతావా? దాని సంగతంతా తెలుసునా నీకు?" అని అడిగింది. "నాకు తెలీని సంగతి ఏముండాదిమా దాంట్లో" అన్నాను.

హైవేలో లారీల మధ్య రాజాలాగా పోయింది కారు. వెనకాలే అన్న కొత్త కారులో వస్తా ఉండాడు, ఎప్పుడు నిలిచిపోతుందా అని. నిలిచిపోలా. కృష్ణగిరిలో హైవే దిగినాక మెయిన్ రోడ్డులోనే నిలిపేసుంటే ఈ కథే లేదు. "ఈడనే ఆపు, నడిచి పోదాం" అని అమ్మ కూడా చెప్పింది. నేను వింటేనా? నాయన కారు చిన్నాయన గుమ్మం ముందర నిలవాల, చుట్టాలంతా చూడాల, అన్న నోరు మూయాల. అట్లానే సందులోకి తిప్పేసినాను.

సందు చివర దారి లేదు. చిన్నాయన ఇల్లు, దాని ముందర షామియానా, అంతే. వచ్చినంత ఊపులో బంపరు పోయి షామియానా కట్టెకు తగిలింది. పైన గుడ్డ వాలింది. మొగోళ్ళంతా పరిగెత్తుకోని వచ్చి తలా ఒక కట్టె పట్టుకున్నారు. కింద పీట మీద చిన్నాయన ఒళ్ళో పిల్ల, పక్కనే సూది పట్టుకోని ఆచారి. అందరూ నన్నే చూస్తా ఉండారు.

"ఏం కాలేదు, ఏం కాలేదు, వెనక్కి తీసేస్తాను" అని గేరు వేసినాను. కారు కదల్లా. మళ్ళీ వేసినాను. గరగరమని సద్దు, అంతే. నాలుగోసారి వేస్తావుంటే పక్క సీట్లో నుంచి అమ్మ అనింది, "దానికి రివర్స్ గేరు లేదు పాపా."

"లేదంటే?"

"చెడిపోయి శానా ఏండ్లయింది. నువ్వు కాలేజీలో ఉన్నప్పుడే."

"మరి నాయన వెనక్కి పోయే మనిషిని కాదనేవాడు కదా."

"ఏం చెప్తాడు మరి? ఆ పార్టు దొరకలా. వేరే కారుది వేస్తామని మెకానిక్ అంటే, నా కారుకు ఇంకోదాని వస్తువు వేయొద్దన్నాడు. ఊర్లో తెలిస్తే నవ్వుతారని నా దగ్గర ఒట్టేయించుకున్నాడు. నువ్వు మైకులో ఆ మాట చెప్పిన దినం నవ్వు ఆపుకోలేక నేను పడిన పాట్లు దేవునికే తెలుసు."

"పొద్దున్నే చెప్పుండొచ్చు కదమ్మా?"

"అన్నీ తెలుసునంటివి కదా."

వెనకాల అన్న హారన్ కొడతా ఉండాడు. ఆయన వెనక వంటోళ్ళ వ్యాను. వాళ్ళిద్దరూ రివర్స్ వేసుకోని సుఖంగా మెయిన్ రోడ్డుకు పోయినారు. అది చూస్తే ఇంకా కోపమొచ్చింది నాకు.

ముహూర్తంలో పిల్లను పీట మీద నుంచి లేపకూడదంట, మొగోళ్ళు కట్టెలు వదిలితే షామియానా పిల్ల మీద పడుతుంది. ఇంక తోసేదానికి మిగిలింది ఆడోళ్ళే. అమ్మ దిగింది, కొంగు నడుముకు దోపింది. "బానెట్ మీద చేతులు పెట్టొద్దండి, వేడి. చిన్నమ్మా, నువ్వు కుడిపక్క రా. పాపా, స్టీరింగు ఎడమకు. ఇంకా. చాలు." ఎన్నో ఏండ్లు చేసిన పనిలాగా చెప్తా ఉండాది.

"నీకు ఇదంతా ఎట్లా తెలుసుమా?"

"మీ నాయన యాడన్నా ఇరుక్కుంటే దిగి తోసేది ఎవురనుకున్నావు?"

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అంత పెద్ద వ్యాపారస్థుడు స్టీరింగు ముందర దర్జాగా కూర్చోనుంటే, ముందర నుంచి మా అమ్మ తోస్తా ఉండేదన్నమాట. ఇద్దరూ మాకు తెలీకుండా ఎంత దాచినారో.

సాయంత్రం ఇంటికి రాగానే అన్న, "నీ పందెం పోయింది" అన్నాడు. "కారు యాడా నిలిచిపోలా, నేనే ఇరికించినాను" అని నేను పట్టుబట్టినాను. అమ్మే నడిమధ్యలో వచ్చింది. "గమ్మునుండండి ఇద్దరూ. కారు అమ్మేది లేదు. ఇన్నేండ్లు తోసినోళ్ళను అడక్కుండా ఎట్లా అమ్ముతారు? నేను డ్రైవింగ్ నేర్చుకుంటాను." అన్న నవ్వినాడు. అమ్మ నవ్వలేదు. బెంగళూరాయన ఫోన్ చేస్తే తనే తీసుకోని వద్దనేసింది.

ఇప్పుడు దినమూ పొద్దున్నే పశువుల ఫారం రోడ్డులో క్లాసు. అమ్మ బాగానే తోలతా ఉండాది, నాయనలాగానే ఒక చేయి కిటికీ మీద పెట్టుకోని. కారు తిప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం హారన్ కొట్టి నన్ను చూస్తుంది. ఆఫీసులో నన్ను మేనేజర్ మేడమ్ అంటారు కదా, ఫారం రోడ్డులో నేను రివర్స్ గేరు.