నీళ్ల ట్యాంకు మూలన తలకిందుల మనిషి

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. శ్రీకాకుళంలో మా మేనత్త దీపాలు పెట్టే వేళకల్లా ఎవరికో ఏదో పట్టిందని మొదలుపెట్టేది. నేను లేచి బయటికి పోయేవాణ్ణి. పైగా నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరు ఏం చెప్పినా మళ్లీ చేసి చూపించమని అడగడమే నా పని. ఇప్పుడు రాస్తున్నది కూడా మళ్లీ మళ్లీ చేసి చూసిందే. అయినా నాకు అంతుపట్టలేదు.

అప్పట్లో సికింద్రాబాద్ కార్ఖానాలో ఒక డాబా మీద ఒంటిగదిలో అద్దెకుండేవాణ్ణి. ఇంటి ఓనరు నర్సింగన్నది టెంట్ హౌస్. పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, పెద్ద పెద్ద ఫోకస్ లైట్లు అద్దెకిచ్చేవాడు. సామానంతా ఇంటి ముందు ఖాళీ జాగాలో పడి ఉండేది. ఆయన భార్య బాలమణి వదిన పెద్దగా మాట్లాడేది కాదు. బల్లిని చంపడానికి కూడా పనివాణ్ణి పిలిచే మనిషి.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాక ఊళ్లో జాగాలకు రెక్కలొచ్చాయి. ఎవరో బిల్డరు ఆ ఖాళీ జాగా అడిగాడు. నర్సింగన్న ఇవ్వనన్నాడు. ఆయన తమ్ముడు మల్లేశ్ ఇచ్చి తీరాలన్నాడు. గొడవ అక్కడ మొదలైంది.

మల్లేశ్ మంచి బలిష్ఠుడు. భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాల. ఒకరోజు పొద్దున్నే వచ్చి, కుర్చీలు సర్దుతున్న పనివాణ్ణి అదే కుర్చీతో నెత్తురు కారేదాకా కొట్టాడు. అడ్డం వెళ్లిన నర్సింగన్నను చెవి మీద కొట్టాడు. ఆ చెవి ఆయనకు తర్వాత సరిగ్గా వినపడలేదు. పోతూ పోతూ అన్నం వండే పెద్ద గుండిగ ఒకటి గోడకేసి బాది, "జాగ ఇయ్యకపోతే నీ పానం తీస్త. అన్నవని సుత చూడ" అన్నాడు. వాడు ఉత్తినే అనే రకం కాదు. అది మా అందరికీ తెలుసు.

ఈ గొడవల మధ్యలో నా పిచ్చి నాది. అమెరికా నుంచి తిరిగొచ్చిన ఆఫీసు స్నేహితుడొకడు తన పాత డిజిటల్ కెమెరా నాకిచ్చాడు. ఆ రోజుల్లో సాయంత్రం పడమట శుక్రుడు, గురుడు దగ్గర దగ్గరగా కనపడేవారు. వాళ్లను ఫోటో తీయాలన్న యావ పట్టుకుంది నాకు. మొదట్లో చెయ్యి వణికి, నా శుక్రుడు నానిన మరమరంలా వచ్చేవాడు. గురుడైతే వచ్చేవాడే కాదు.

నా అవస్థ చూసి నర్సింగన్న షామియానా గొట్టం ఒకటి తెచ్చి, ఇసుక నింపిన పెయింటు డబ్బాలో నిలబెట్టాడు. దానికి సైకిల్ ట్యూబు ముక్కతో కెమెరా కట్టాను. చెయ్యి తగలకుండా టైమరు పెట్టి తీస్తే గ్రహాలు చుక్కల్లా కుదురుగా వచ్చాయి. నర్సింగన్న నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటుంది. కోఠిలో షాపువాడు లెన్సుకు రక్షణగా ఒక అద్దం బిగించి, గీతలు పడతాయి తీయకండి అన్నాడు. టీవీ రిమోటుకు ప్లాస్టిక్ కవరు తీయకుండా ఏళ్ల తరబడి వాడే జాతి మనది. నేనెందుకు తీస్తాను?

ఆ అద్దం వల్ల ఫోటోల్లో దొంగ వెలుగులు వచ్చేవి. కెమెరా ఇచ్చిన స్నేహితుడు కిటుకు చెప్పాడు. ఫోటోలో వెలుగున్న వస్తువేదైనా అద్దంలో పడి, దానికి సరిగ్గా ఎదురుమూలన తలకిందులుగా ఒక నకిలీ వస్తుంది. ఫోటో నట్టనడిమి మీదుగా నకిలీ నుంచి గీత గీస్తే అసలు దొరుకుతుంది. అసలు లేకుండా నకిలీ రాదు. వీధి దీపాలతో చూశాను, అక్షరాలా నిజం.

అలా ఉండగా ఒక సాయంత్రం ఫోటోలో, పైన ఎడమవైపు ఆకాశంలో, మసగ్గా ఒక తెల్లటి మరక కనపడింది. కంప్యూటర్లో ఫోటోను తిరగేశాను. మనిషి. ఒక పక్కంతా తెల్లగా వెలుగు పడి ఉంది. రెండు చేతులూ పైకెత్తి, చేతుల్లో పొడుగాటి కడ్డీ లాంటిది పట్టుకుని ఉంది ఆకారం. మొహం తెలియడం లేదు. భుజం మీంచి ఒక గుడ్డ వేలాడుతోంది.

గీత గీశాను. అది డాబా మీద నీళ్ల ట్యాంకు మూలకు పోయింది. ఫోటోలో ఆ మూల ఖాళీ. అక్కడ దీపం కూడా లేదు.

మర్నాడు మళ్లీ తీశాను. మళ్లీ ఉంది. అద్దం తీసేసి తీస్తే లేదు, పెడితే ఉంది. అద్దం మీద మరకేమోనని తుడిచాను. కెమెరా కొంచెం పక్కకు తిప్పితే ఆకారమూ జరిగింది. కానీ గీత గీస్తే మళ్లీ ఆ ట్యాంకు మూలకే. మరకైతే అలా జరగదు. ఆకారం కదలకుండా, చేతులు దించకుండా అలాగే నిలబడి ఉంది. భుజం మీద గుడ్డ చూశాక అది మల్లేశేనని నాకు నేను తేల్చేసుకున్నాను.

నర్సింగన్న రోజూ చీకటిపడే వేళకు ట్యాంకు నిండిందో లేదో చూడ్డానికి పైకొచ్చి సరిగ్గా ఆ మూలనే నిలబడతాడు. అదీ నా భయం.

"అన్నా, సాయంత్రం పూట నువ్వు పైకి రాకు. నీళ్లు నేను చూస్తాను కదేటి" అన్నాను. ఫోటో సంగతీ చెప్పాను.

ఆయన నవ్వాడు. "ఏందీ తమ్మీ, చుక్కల ఫోటోలు తీసుడు బంద్ జేసి జాతకాలు షురూ జేసినవా? జెర అన్నం మంచిగ తిను."

మాట వినడని తెలిసిపోయింది. నాకు తోచింది నేను చేశాను. ఇంకో డబ్బాలో ఇసుక పోసి, ఇంకో షామియానా గొట్టం గుచ్చి, ఆ మూలన అడ్డంగా పెట్టాను. అక్కడ ఎవరూ నిలబడకుండా ఉంటే చాలనుకున్నాను.

తర్వాత కొద్దిరోజులకే అది జరిగింది. అప్పుడే పొద్దు కుంకింది. నేను కెమెరా దగ్గర ఉన్నాను. నర్సింగన్న గొట్టాన్ని తప్పించుకుని, ట్యాంకు ఇంకో పక్క నుంచి లోపలికి తొంగి చూస్తున్నాడు. కింద గేటు పెద్ద చప్పుడైంది. మెట్ల మీద పరుగులు. మల్లేశ్, వాడి వెనక ఇంకొకడు. మల్లేశ్ చేతిలో ఇనుపరాడ్డు.

వస్తూనే మొదటి దెబ్బ నర్సింగన్న భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. రెండోది మోకాలి మీద. ఆయన కూలబడి, "మల్లిగా, అరే మల్లిగా" అంటున్నాడు, చిన్నప్పటి పేరు పెట్టి. నేను వెళ్లి మల్లేశ్ చొక్కా పట్టుకున్నాను. వాడి మోచెయ్యి నా నోటి మీద పడింది. రెండు పళ్లు ఊడి నాలుక మీదికి వచ్చాయి. వెల్లకిలా పడ్డాను. రెండోవాడు నా మణికట్టు మీద కాలేసి నొక్కాడు. మల్లేశ్ రాడ్డు పారేసి అన్నను జుట్టు పట్టి ఈడ్చి పిట్టగోడ మీదికి సగం ఎత్తాడు. కింద సిమెంటు నేల. పడితే బతకడు.

అప్పుడు కింద పనివాడెవరో ఫోకస్ లైటు వేసి డాబా వైపు తిప్పాడు. కళ్లు చెదిరే వెలుగు.

వెల్లకిలా పడి, తల వెనక్కి వాల్చి ఉన్న నాకు ట్యాంకు మూల తలకిందులుగా కనపడింది. అక్కడ ఒక మనిషి. ఒక పక్కంతా తెల్లటి వెలుగు. పైకెత్తిన రెండు చేతుల్లో నేను పెట్టిన గొట్టం. నేను తువ్వాల అనుకున్నది చీరకొంగు.

బాలమణి వదిన.

గొట్టం మల్లేశ్ తల మీద పడింది. వాడు అన్నను వదిలేశాడు. నర్సింగన్న లోపలివైపే పడ్డాడు. నా చెయ్యి నొక్కినవాడు పారిపోయాడు. ఆమె ఆపలేదు. పడిపోయినవాణ్ణి మళ్లీ కొట్టింది, మళ్లీ కొట్టింది. జనం వచ్చి గొట్టం లాక్కునేసరికి ట్యాంకు గోడంతా నెత్తురు.

నర్సింగన్న బతికాడు. కుంటుతూ నడుస్తాడు. మల్లేశ్ కూడా బతికాడు గానీ మాట పోయింది. ప్రాణరక్షణ కోసం చేసిందని కేసు కొట్టేశారు.

పళ్లు కట్టించుకున్నాక అదే అద్దం పెట్టి, అదే చోట నుంచి, అదే వేళకు ఎన్నో ఫోటోలు తీశాను. శుక్రుడి నకిలీ వచ్చింది, వీధి దీపాల నకిలీలు వచ్చాయి. ఆ ఆకారం మళ్లీ రాలేదు.

రాబోయేది ముందే కనపడిందందామంటే, నేను భయపడి పెట్టిన గొట్టమే ఆమె చేతికొచ్చింది. ఫోటో చూడకపోతే అక్కడ గొట్టం లేదు. గొట్టం లేకపోతే నర్సింగన్న లేడు. ఏది ముందో ఏది వెనకో నాకు తేలలేదు.

ఇంతవరకైతే ఏదో ఒకటి చెప్పుకుని సరిపెట్టుకునేవాణ్ణేమో. కానీ నర్సింగన్న ఆసుపత్రిలో ఉండగా, వరండాలో బెంచీ మీద కూర్చుని బాలమణి వదిన తనంతట తానే ఒక మాట చెప్పింది. ఆమెకు ఫోటో సంగతి ఎవరూ చెప్పలేదు. నర్సింగన్నను తర్వాత అడిగాను, ఆయనా చెప్పలేదన్నాడు.

"నేను మీదికొచ్చినప్పుడు ఆ మూల ఖాళీగ లేకుండె తమ్మీ" అంది. "ఎవరో ఎప్పటిసందో చేతులెత్తి నిలబడ్డరు. నేను పోయి ఆ మనిషి లోపట నిలబడ్డ. గంతే. కొట్టింది నేనో కాదో నాకు ఎర్క లేదు."

ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆమెకు చూపించలేదు. ఆమె వచ్చేదాకా అక్కడ నిలబడి ఉన్నదెవరో నాకు ఈ రోజుకీ తెలియదు.