చూసొద్దాం మాస్టారు

మా విభాగంలో ఒక ప్రొఫెసరు ఉండేవారు. ఉపగ్రహాలు పైనుంచి తీసిన ఫొటోలు చూసి నేల సంగతులు చెప్పడం ఆయన వృత్తి. ఆ ఫొటోలను నమ్మకపోవడం ఆయన ప్రవృత్తి. ఎవరు ఏ పటం చూపించినా "చూసొద్దాం పద" అని చెప్పులు వెతుక్కునేవారు. విద్యార్థులు ఆయనకు పెట్టిన పేరే పైన రాశాను.

ఇంట్లోనూ అంతే. పాలు పొంగుతున్నాయని వాళ్ళావిడ పక్క గదిలోంచి కేకేస్తే, వంటింట్లోకి వెళ్ళి శ్రద్ధగా చూసి, "నిజమే" అని చెప్పి, తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నారట. పొయ్యి కట్టేయమని ఆవిడ అనలేదుగా అని నాతో వాదించారు కూడా.

"కాలేజీలో ఈయన్ని ఎలా భరిస్తున్నారు అన్నయ్యగారూ?" అని ఆవిడ నన్నడిగింది. అక్కడ పాలు కాయం కాబట్టి బతికిపోతున్నామని చెప్పాను.

నేల ఫొటో తీసేటప్పుడు కొలత తెలియడానికి పక్కన స్కేలు పెట్టాలి. ఈయన స్కేలు మరిచిపోయి, ఎడమకాలి చెప్పు విప్పి పెట్టేవారు. ఆయన పరిశోధన పత్రాల్లో ఆ చెప్పు ఏటేటా అరిగిపోవడం మేమంతా చూస్తూ వచ్చాం.

ఒక ఏడాది, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయికి కష్టం వచ్చిపడింది. ఊరి చుట్టూ ఎక్కడ నీరుందో, ఎక్కడ గడ్డి ఉందో పటం గీసింది. అక్కడికి వెళ్ళి సరిచూస్తే తప్ప డిగ్రీ రాదు. సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మ మంచాన పడింది. చూసుకునే దిక్కు ఈ పిల్లే. గడువేమో దగ్గర పడింది. చదువు మానేస్తానని చెప్పడానికి వచ్చింది.

మాస్టారు పటం చూసి మొహం చిట్లించారు. "దీని మీద నాకు నమ్మకం లేదు. నేను చూసొచ్చేదాకా మానడానికి వీల్లేదు."

పుండు మీద కారం చల్లడమంటే ఇదేననిపించి నాకు ఒళ్ళు మండింది.

అప్పట్నుంచి సెలవొచ్చినప్పుడల్లా బస్సెక్కి పోయేవారు. ఒక సాయంత్రం నడుం దాకా బురదతో, ఒంటి చెప్పుతో మా గుమ్మంలో నిలబడ్డారు.

"తప్పులెన్ని దొరికాయి?" అన్నాను వెటకారంగా.

"ఒక్కటే. గడ్డి అని గీసినచోట గుర్రపుడెక్క కప్పేసిన మడుగుంది. పైనుంచి రెండూ ఒకేలా పచ్చగా కనిపిస్తాయి. అందులో దిగబడ్డాక తెలిసింది. తక్కిందంతా బంగారం."

"మరి నమ్మకం లేదని ఆ పిల్లనెందుకు ఏడిపించారు?"

ఆయన గొంతు తగ్గించారు. "నీ బదులు నేను తిరుగుతానంటే ఒప్పుకుంటుందా? అభిమానమున్న పిల్ల. నాకు అనుమానమంటే మాత్రం కాదనలేదు."

నాకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఆ వెంటనే పాల సంగతి గుర్తొచ్చి నవ్వూ వచ్చింది.

ఆ అమ్మాయి తన సిద్ధాంత గ్రంథంలో, నేల మీద సరిచూసింది మాస్టారేనని మొదటి పేజీలోనే రాసుకుంది. పరీక్షించడానికి వచ్చిన పెద్దమనిషి ఒక పచ్చటి ఫొటో దగ్గర ఆగి, మధ్యలో ఈ చెప్పేమిటని అడిగారు.

"నాదేనండీ," అన్నారు మాస్టారు. "ఇంకా ఆ మడుగులోనే ఉంది. చూసొద్దాం పదండి."

పెద్దమనిషి తన బూట్ల వైపు ఒకసారి చూసుకుని, పటాన్ని అక్కడికక్కడే నమ్మేశారు.

డిగ్రీ ఖాయమయ్యాక, వరండాలో కళ్ళు తుడుచుకుంటున్న అమ్మాయిని మాస్టారు అమ్మకెలా ఉందని అడిగారు.

"లేచి తిరుగుతోంది సార్. ఇవాళ వంట కూడా తనే చేసింది."

"నేను నమ్మను," అంటూ ఆయన కొత్త చెప్పుల్లో కాళ్ళు దూర్చారు. "చూసొద్దాం పద."