మా అన్న గెలిచిన ఫైనల్

మా అన్న చిన్నప్పుడు ఒక గొప్ప టెన్నిస్ ఆటగాణ్ని ఓడగొట్టిండు. అప్పటికి ఆ పిలగాడు ఇంకా గొప్పోడు కాలే. కరీంనగర్‌ల జరిగిన పిల్లల పోటీల ఫైనల్ అది. తర్వాత ఆ పిలగాడు దేశం తరఫున ఆడిండు, పేపర్లల్ల ఫొటోలు పడ్డయి, బయటి దేశాల కోర్టుల మీద పెద్దపెద్దోళ్లను గెలిచిండు. మా అన్న బొగ్గుబాయి ఆఫీసుల క్లర్కు అయిండు. నడుమ ఏం జరిగిందంటే మా ఇంట్ల తలా ఒక తీరు చెప్తరు. నేను చెప్పేది మాత్రం ఎవ్వరికీ నచ్చదు.

మేం ఆదిలాబాద్ దిక్కు బొగ్గుబాయిల కాలనీల పెరిగినం. బాపు మొదట బాయి లోపల పని చేసేటోడు. పైకప్పు పెళ్ల కాలు మీద పడ్డంక ఆయనను బయటి పనికి తీసి ఆఫీసర్ల క్లబ్బుల ఏసిన్రు. క్లబ్బు ఎనక ఒక మట్టి టెన్నిస్ కోర్టు ఉండె. నీళ్లు చల్లుడు, రోలరు గుంజుడు, సున్నంతోని గీతలు ఏసుడు బాపు పని. కాలు సక్కగ లేనోనికి రోలరు గుంజే పని ఎట్ల ఇచ్చిన్రో నాకు ఇప్పటికీ సమజ్ కాదు. అందుకే అన్న, నేను గుంజేటోళ్లం. బాపు పక్కపొంటి నడుచుకుంట, "ఆ మూలకు ఇంకోసారి రాండ్రి బిడ్డా" అని చెప్పేటోడు.

ఆఫీసర్లు వచ్చేది సాయంత్రం. అప్పటిదాక కోర్టు మాదే. ఒక ఇంజినీరు సారు తన పాత రాకెట్ అన్నకు ఇచ్చిండు. గోడకు కొట్టి కొట్టి, ఆఫీసర్ల ఆట చూసి చూసి అన్న ఆట నేర్చుకున్నడు. నేను బంతులు ఏరేదాన్ని. ఆడపిల్లకు కూడా ఒక రాకెట్ దొరికితే బాగుండునని ఎవ్వరికీ తోచలే. నాకు తోచింది గని నోరు తెరిచి అడగలే.

అన్నది ఎడమచేతి వాటం. ఆ చేతితోని కోర్టు ఎడమ దిక్కునుంచి సర్వ్ చేస్తే బంతి గీత లోపల్నే పడి, ఎవరో పక్కకు గుంజినట్టు కోర్టు బయటికి జారిపోయేది. అవతల నిలబడ్డోడు ఎంత ఉరికినా రాకెట్ కొసకు తాకేది, లేకపోతే అసలే అందేది కాదు. టెన్నిస్‌ల గేమ్ గెలిచే పాయింట్, చేజారే పాయింట్ ఎక్కువగ ఆ దిక్కునుంచే సర్వ్ చేసేది ఉంటది. అందుకే అన్న ఎంత ఎనకబడ్డా ఆ ఒక్క సర్వ్‌తోని బయటపడేటోడు. కొన్నాళ్లకు క్లబ్బుల ఆఫీసర్లు అందరూ ఆయన చేతుల ఓడిపోయిన్రు. ఓడిపోయినోళ్లే చందాలేసి బూట్లు కొనిచ్చి కరీంనగర్ పోటీలకు తోలిచ్చిన్రు.

ఫైనల్ ఆదివారం నాడు పడింది. మాది మిషన్ చర్చి కుటుంబం. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టుడు మమ్మల్ని కన్న అవ్వకు ససేమిరా ఇష్టం లేదు. చర్చి అయ్యగారే ఇంటికొచ్చి ప్రార్థన చేసి, "పోనియ్యమ్మా, అక్కడ కూడా దేవుడే ఉంటడు" అన్నడు. అట్ల అవ్వ, బాపు, నేను, అన్న బస్సెక్కి పోయినం.

అవతలి పిలగాడు హైదరాబాద్ నుంచి వాళ్ల నాయినతోని కారుల వచ్చిండు. తెల్ల బట్టలు, సంచినిండ రాకెట్లు. మా అన్న కంటె ఏడాదో రెండేండ్లో చిన్నోడు. చూస్తే పెద్ద ఆటగాని లెక్క కూడా లేడు. అన్న ఆట కంటికి ఇంపుగ ఉండేది. ఆ పిలగాని ఆట చూసేటోళ్లకు ఏం అనిపించేది కాదు, బంతి మాత్రం తిరిగి వచ్చేది. మూడో సెట్టు దాక పోయింది. ఆఖరికి మళ్ల ఆ సర్వ్‌తోనే. అన్న గెలిచిండు. బొగ్గుబాయి పిలగాడు గెలిచిండని జనం చప్పట్లు కొట్టిన్రు. బాపు కుర్చీల నుంచి లేవలే. కాలు నొస్తుందన్నడు గని నిజానికి ఏడుస్తుండె.

కప్పులు ఇచ్చుడు అయిపోయినంక మేం గోడ నీడకు కూసోని సద్ది విప్పినం. జొన్నరొట్టె, చింతకాయ తొక్కు. ఆ పిలగాడు రాకెట్ పట్టుకొని మా దగ్గరకొచ్చిండు.

"అన్నా, ఇంకొన్ని సర్వ్‌లు ఏస్తవా?" అని అడిగిండు.

"ఆట అయిపోయింది కద," అని అన్న నవ్విండు.

"తెలుసు. అది నాకు అందలే. అందేదాక ఏస్తవా?"

అన్న చెయ్యి కడుక్కొని లేచిండు. సంబురంగనే లేచిండు. ఎవరన్నా అడిగి మరీ తన సర్వ్ చూస్తనంటే ఆయనకు అంతకంటె ఏం కావాలె. ఏసిండు. పిలగానికి అందలే. మళ్ల ఏసిండు. పిలగాడు ఒక అడుగు ముందుకు జరిగిండు, అందలే. పక్కకు జరిగిండు, రాకెట్ అంచుకు తాకి బంతి నా మీదకొచ్చింది. నడుమల నెట్ దగ్గరకొచ్చి, "కొట్టకు, బంతి ఊరికె పైకెయ్యి, చెయ్యి చూస్త," అన్నడు. అన్న అట్లనే చూపిచ్చిండు. మణికట్టు ఎట్ల తిప్పుతడో కూడా చెప్పిండు. కారు కాడ నిలబడి వాళ్ల నాయిన పిలుస్తనే ఉన్నడు. ఓడినోనికిచ్చిన చిన్న కప్పు ఆయన చేతులనే ఉన్నది. పిలగాడు అటు దిక్కు చూడలే. ఇగ బంతులు అన్న దిక్కు మర్లి రాబట్టినంక, "థాంక్స్ అన్నా" అని పోయిండు.

అవ్వ జాలిపడ్డది. "పాపం, ఓడిపోయి ఎంత పరేషానైతుండో చూడు," అన్నది.

నేను బంతులు ఏరుకుంట ఆ పిలగాని మొహం దగ్గరినుంచి చూసిన. పరేషాన్ ఏం లేదు. లెక్క తెగని పిల్లలు నా క్లాసుల ఉంటరు, ఇప్పుడు టీచర్‌గ రోజూ చూస్త. వాళ్లల్ల ఎవరో ఒకరి మొహం అట్ల ఉంటది. మిగిలినోళ్లు నా దిక్కు చూస్తరు. ఆ ఒక్కరు పలక దిక్కే చూస్తరు.

ఆ కప్పు మా ఇంట్ల బీరువా మీదికెక్కింది. వచ్చే ఆదివారం చర్చిల అయ్యగారు అన్నను లేపి నిలబెట్టి, దేవుడే గెలిపిచ్చిండని అందరి ముందట సాక్ష్యం చెప్పిచ్చిండు. కాలనీల ఏ ఇంటికి పోయినా చాయ పోసేటోళ్లు. ఆ గెలుపు మీదనే అన్నను హైదరాబాద్‌ల ఒక శిక్షణ క్యాంపుకు పిలిచిన్రు. అక్కడి కోచ్ కొన్ని రోజులు చూసి, "నీ సర్వ్ మంచిగున్నది. మిగిలింది గోడ నేర్పిన ఆట. బ్యాక్‌హ్యాండ్ మొదటినుంచి నేర్చుకోవాలె. కొన్ని నెలలు అందరి చేతుల ఓడిపోతవ్. ఓర్చుకుంటె పైకి పోతవ్," అని చెప్పిండట.

అన్న ఓర్చుకోలే. నిన్నమొన్న తను ఓడగొట్టిన పిల్లల చేతుల ఓడుడు మొదలైంది. వాళ్లు నవ్విన్రట. నెల తిరగకముందే సంచి సదురుకొని ఇంటికొచ్చిండు. "గెలిచేటోనికి మళ్ల మొదటినుంచి నేర్చుడేంది," అన్నడు బాపు. ఆ మాట విని అన్న మొహం తేటపడ్డది. అది కూడా నేను చూసిన.

హైదరాబాద్ పిలగాడు, అన్న తర్వాత ఒక పోటీల ఇంకోసారి ఎదురుపడ్డరు. సిమెంట్ కోర్టు మీద. ఈసారి ఆ పిలగాడు గీత లోపలికొచ్చి నిలబడ్డడు. అన్న సర్వ్ పక్కకు జారకముందే, అప్పుడే లేస్తున్న బంతిని లేస్తున్నట్టే కొట్టిండు. అన్నకు ఇంకో సర్వ్ లేదు. గంట కూడా పట్టలే.

ఇంటికొచ్చినంక కారణాలు మొదలైనయి. సిమెంట్ కోర్టు అలవాటు లేదన్నడు అన్న. డబ్బున్నోళ్లకే ఆటలు అన్నడు బాపు. దేవుని చిత్తం వేరే ఉన్నది అన్నడు అయ్యగారు. ఇంజినీరు సారు, "ఈ పిలగానికి నాలుగు మంచి రాకెట్లు, ఒక కోచ్ ఉంటె కథ వేరేగ ఉండేది," అన్నడు. నేనూ చానా ఏండ్లు కాలేజీల, స్టాఫ్‌రూంల గదే కథ చెప్పిన. వినేటోళ్లు అయ్యో అనేటోళ్లు. అది అబద్ధం అని ఇప్పుడూ అనను. మాకు లేని సిమెంట్ కోర్టు, మంచి తిండి, కారు ఆ పిలగానికి ఉండె. బాయిల పనిచేసేటోళ్ల పిల్లలు ఎంతమంది ఏమేం కాకుంట పోయిన్రో నాకెరుక. గని అన్న పోయిన హైదరాబాద్ క్యాంపుల, అదే కోర్టు మీద, అంతకంటె పెద్ద కార్లల్ల వచ్చిన పిల్లలు మస్తుమంది ఉండిరి. వాళ్లల్ల ఒక్కని పేరు కూడా ఎవ్వరికీ తెల్వదు.

అన్నకు ఆటల కోటాల బొగ్గు కంపెనీల నౌకరి వచ్చింది. కంపెనీల నడుమ జరిగే పోటీలల్ల ఏటేటా గెలిచిండు. పెండ్లయింది, పిల్లలైన్రు. ఆయన మంచి ఆటగాడు. చానా మంచి ఆటగాడు. ఈ మాట నేను ఎక్కిరిచ్చి అంటలేను.

పోయినేడు కరీంనగర్‌ల కొత్త టెన్నిస్ కోర్టులు తెరిచిన్రు. ఆట విడిచిపెట్టిన ఆ హైదరాబాద్ ఆటగాణ్ని ముఖ్య అతిథిగ పిలిచిన్రు. కుర్చీలు నింపనీకి మా సర్కారు బడి పిల్లలను పట్టుకురమ్మన్నరు. నేను అన్నకు ఫోన్ చేసి చెప్పిన. చెప్పకుండ ఉంటె బాగుండునని తర్వాత అనుకున్న. అన్న కంపెనీ కోటు తొడుక్కొని, వెంట్రుకలకు రంగేసుకొని బస్సుల వచ్చిండు.

సభ అయిపోయినంక సెల్ఫీల గుంపుల నుంచి తోసుకుంట ఇద్దరం ఆయన దగ్గరికి పోయినం.

"సార్, గుర్తుపట్టిన్రా?" అన్నడు అన్న. "ఇక్కడనే, కరీంనగర్‌ల, ఫైనల్ ఆడినం మనం."

ఆయన మర్యాదగనే చూసిండు. అసలు గుర్తుకు రాలేదని చూడంగనే తెలుస్తుంది.

"నాది ఎడమచెయ్యి," అన్నడు అన్న.

ఆయన మొహం మారింది. "మట్టి కోర్టు. ఆట అయినంక సర్వ్‌లు ఏసింది నువ్వేనా? బంతి జర ఎనకకు ఎగరేసేటోనివి. భాయ్, దానితోని నాకు ఎంత పనిపడ్డదో తెలుసా. ఎడమచేతోళ్లు ఎవరెదురైనా ఆ సాయంత్రమే యాదికొచ్చేది. మొహమే గుర్తులేదు, మాఫ్ చెయ్యి."

అన్న నవ్వు ఆపుకోలేకపోతుండు.

ఆయనే మళ్ల అడిగిండు. "ఆ రోజు గెలిచిందెవరు?"

అన్న కోటు సదురుకున్నడు. "నేనే," అన్నడు.

"అచ్ఛా," అన్నడు ఆయన. భుజం తట్టి, అన్న ఫోన్‌ల ఒక సెల్ఫీ దిగిండు. ఇంకెవరో పిలిస్తె అటు పోయిండు. ఆయన యాక్షన్ చెయ్యలే. మనసుల ఏదో పెట్టుకొని మర్చిపోయినట్టు నటించలే. నిజంగనే ఆయనకు తెల్వదు. మా బీరువా మీద ఇన్నేండ్లు కూసున్న ఆ గెలుపు ఆయన లోపల ఎక్కడా లేదు. పనికొచ్చే ముక్క తీసుకొని మిగిలింది ఆ కోర్టు మీదనే ఇడిసిపెట్టి పోయిండు. ఆ మిగిలిన దాంట్ల మా అన్న ఉన్నడు.

బస్టాండుల చాయ తాగుకుంట అన్న ఒకటే మాట. "చూసినవా చెల్లె, నా సర్వ్ మర్చిపోలే ఆయన. దేశానికి ఆడినోడు. నా సర్వ్ యాదికుంచుకున్నడు."

నేను ఊకుంటే అయిపోయేది. ఊకోలే.

"అన్నా, ఆయన ఓడిపోయిన దినమే నేర్చుకునుడు మొదలుపెట్టిండు. నువ్వు గెలిచిన దినమే బంద్ చేసినవ్," అని చెప్పిన.

అన్న గ్లాసు కింద పెట్టిండు. గట్టిగ మాట్లాడలే.

"నువ్వు బంతులు ఏరినదానివి," అన్నడు. "ఆడలే."

"ఆడనియ్యలే," అని చెప్పిన నేను.

"అడిగినవా?"

నేను లేచి చాయ పైసలు ఇచ్చిన. బస్సు వచ్చింది, అన్న ఎక్కిండు. నేను బడి పిల్లల హాజరు సంగతి చూసుకోనీకి ఎనకకు మర్లిన. ఆ దినం నాకు అన్న మీద వచ్చిన కోపం కంటె ఆ హైదరాబాద్ ఆటగాని మీద వచ్చిన కోపం ఎక్కువ. ఆయన చేసిన తప్పేం లేదని తెలుసు. తెలిసినా పోలే. నా మీద నాకు ఉన్న కోపం సంగతి ఇక్కడ ఎందుకు.

నెల తర్వాత అన్న ఫోన్ చేసిండు, ఏం జరగనట్టే. క్లబ్బు కోర్టు మీద పిల్లలకు కోచింగ్ మొదలుపెడుతుండట. సెల్ఫీ పెద్దది చేయించి గేటు మీద ఫ్లెక్సీ కడుతరట.

"నువ్వు టీచరువు. ఫొటో కింద నాలుగు ముక్కలు రాసియ్యి. ఆయన నా సర్వ్ చూసి నేర్చుకున్నడని వచ్చేటట్టు."

రాసి వాట్సాప్‌ల పంపిన. జరసేపటికే జవాబొచ్చింది. "నేర్చుకున్నడు" అని కాదు, "నేర్పించిన" అని ఉండాలెనట. మార్చి పంపిన. అన్న బొటనవేలు బొమ్మ పెట్టిండు. చదువుకుంటె మంచిగనే ఉన్నది, నేను రాసే తీరే అంత. ఇప్పటికి ఆ ఫ్లెక్సీ చూసి చానామంది పిల్లలు చేరిన్రని వదినె చెప్పింది.